మూడు నీళ్ళు కడిగిన ఇలిష్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసులో అందరికీ అలాగే ఉంటుందని పెద్దలంటారు గానీ, నా విషయంలో ఆ జబ్బు కాస్త ముదిరిపోయింది. దోహా వచ్చి ఏడాది తిరిగిందో లేదో, ఇక్కడి రోడ్లు ఎలా వేయాలో, కంపెనీలు ఎలా నడపాలో, ఎండని ఏ టైముకి కట్టేయాలో కూడా నాకు తెలిసిపోయింది. తెలిసినదాన్ని నోట్లోనే పెట్టుకుని కూర్చోవడం ఒక్కటే తెలియలేదు. పైగా మాది గోదావరి ఒడ్డు. అడిగితే సాయం చేయడం, అడక్కపోయినా చేయడం, వద్దన్నా సరే చేయడం అనే మూడు విద్యలూ మా వైపు పుట్టుకతోనే వస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడో విద్యలో నేను సాధించిన ప్రావీణ్యం గురించి.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లాని అడ్డచెక్కలు పెట్టి గదులుగా కోసి అద్దెకిచ్చేవారు. అలా కోసిన ఒక ముక్కలో మేం ముగ్గురం. నేను లాండ్రీ కంపెనీ వ్యాన్ డ్రైవర్ని. పొద్దున్నే అల్ తుమామా విల్లాల ముందు ఆగి మాసిన బట్టలు తెచ్చుకోవడం, సాయంత్రం ఇస్త్రీ బట్టలు ఇచ్చి రావడం నా డ్యూటీ. (ఊళ్ళో మా అమ్మ మాత్రం, మావాడు ట్రాన్స్‌పోర్టులో పెద్ద పోస్టులో ఉన్నాడని చెప్పుకునేది. తల్లి మాట కాదనడం మహాపాపం కనుక నేను ఖండించలేదు.) రెండో మంచం జగిత్యాల అన్నది. ఆయన టైల్స్ మేస్త్రీ. వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్ బిడ్డా" అని అడిగేది. ఇది దుబాయ్ కాదని మొదటి ఏడాది చెప్పి చూశాడట, ఆ తర్వాత "దుబాయ్‌ల మస్తున్నయ్ అవ్వా" అని ఒప్పేసుకున్నాడు. మూడో మంచం దాదాది.

దాదా బెంగాలీ. బంగ్లాదేశ్‌లో పద్మా నది ఒడ్డున పుట్టినవాడు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక టైలర్ షాపులో అరబ్బులు వేసుకునే పొడుగాటి తోబ్‌లు కుట్టేవాడు. (మనవైపు దాదా అంటే కత్తులు, సుమోలు గుర్తొస్తాయి గానీ వాళ్ళ భాషలో అన్నయ్య అని అర్థం. మా దాదా దోమని కొట్టేముందు కూడా ఒకసారి ఆలోచించేవాడు.) యాభై దాటిన మనిషి, సన్నగా, మెడలో ఎప్పుడూ టేపు, చెవి వెనక సుద్దముక్క. మాతో మాట్లాడేది హిందీ అని ఆయన అనుకునేవాడు, వింటున్నది హిందీ అని మేమూ అనుకునేవాళ్ళం. అందువల్ల గదిలో గొడవలు తక్కువ.

రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని ఈ మనిషి, ఇలిష్ పేరెత్తితే మాత్రం ఇక ఆగడు. ఇలిష్ అంటే మరేం కాదు, మన పులసే. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఆ చేపని మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. గోదాట్లోకి ఎదురీదిందంటే చాలు, పులస అని పేరు పెట్టుకుని, పుస్తెలమ్మైనా సరే తినాల్సిందేనని సామెత కూడా కట్టారు. అదే చేప పద్మలోకి ఎదురీదితే ఇలిష్. ఏ నదిలోకి వెళ్తే ఎవరి పరువు పెరుగుతుందో ఆ చేపకి తెలుసో తెలియదో మరి. వాళ్ళ దేశంలో మొదటి వాన పడితే కిచిడీ, ఇలిష్ వేపుడు. సరస్వతీ పూజకి జంట ఇలిష్‌లు కొని, నూనె రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొత్త కోడల్ని తెచ్చినట్టు గడప దాటిస్తారట. అల్లుడి కోసమైతే ఏడాదికొక పండగే ఉందట, ఆ రోజు అత్తగారు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఇలిష్ తినిపిస్తుందట. (మా గోదావరి జిల్లాల్లో అల్లుడికి ప్రత్యేకంగా ఒక రోజంటూ అక్కర్లేదు. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా పండగే, ఆ తర్వాత వారం రోజులు మామగారికి నీరసం.)

ఇది విని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. "దాదా, మీరెన్ని చెప్పినా గోదావరి పులస ముందు మీ ఇలిష్ దిగదుడుపే" అని ప్రతి శుక్రవారం ఒకసారైనా అనేవాణ్ణి. (నిజం చెప్పాలంటే నేను అప్పటికి పులస తిన్నది జీవితం మొత్తంలో రెండుసార్లు. రెండుసార్లూ మా పెదనాన్న ఇంటినుంచి గిన్నెడు వచ్చింది. ముక్కలు నాన్నకీ అన్నయ్యకీ, పులుసు నాకు. అంటే నేను పులసని చూడలేదు, దాని కబురు మాత్రమే తిన్నాను.) దాదా కోపం తెచ్చుకునేవాడు కాదు. జాలిగా చూసేవాడు. "అది మా ఇలిషే బాబూ. పాపం దారి తప్పి మీ నదిలోకి వచ్చింది" అనేవాడు. నేను లేచి కూర్చునేవాణ్ణి. జగిత్యాల అన్న దుప్పటిలోంచి ముఖం బయటపెట్టి "చేపకు పాస్‌పోర్ట్ ఉన్నదా ఏంది, మీ ఇద్దరి లొల్లి పాడుగాను. గన్ని ముండ్లున్న చేపకు గింత కథనా? కొర్రమట్ట తిన్నరా ఎన్నడన్న?" అని మళ్ళీ దుప్పటి కప్పుకునేవాడు. కొర్రమట్టని, అంటే మా వైపు కొరమేనుని, కొట్టిపారేయడంలో మాత్రం నేనూ దాదా ఒక్కటైపోయేవాళ్ళం.

ఆ ఏడాదే దాదా కూతురి పెళ్ళయింది. దాదా వెళ్ళలేదు. షాపులో పెళ్ళిళ్ళ సీజను, ముదీర్ సెలవు మాఫీ అన్నాడు. ముదీర్ అంటే షాపు మేనేజరు, మాఫీ అంటే లేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన వస్తే ఇక అపీలు లేదు. పెళ్ళికొడుకు కుర్తా దాదానే కుట్టి పంపాడు, కొలతలు ఫోన్లో చెప్పించుకుని. పెళ్ళి కూడా ఫోన్లోనే చూశాడు, కుట్టు మిషను మీద ఆనించి పెట్టుకుని. సరిగ్గా దండలు మార్చుకునే వేళకి నెట్ ఆగిపోయి, అల్లుడు చెయ్యి పైకెత్తి అలాగే నిలబడిపోయాడట. మళ్ళీ బొమ్మ కదిలేసరికి అందరూ భోజనాల దగ్గరున్నారు. దాదా ఈ సంగతి నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ రాత్రి ఆయన అన్నం ముట్టుకోలేదు.

కొన్ని నెలలకి ఆ అల్లుడే ఒక కంపెనీ వీసా మీద ఖతర్ వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంప్. శుక్రవారం ఒక్కటే సెలవు. మామగారిని చూడటానికి, అంటే జీవితంలో మొదటిసారి కళ్ళారా చూడటానికి, ఫలానా శుక్రవారం మధ్యాహ్నం వస్తున్నానని ఫోన్ చేశాడు. ఆ వారం రోజులూ దాదాని చూడాలి. గది రెండుసార్లు కడిగాడు. మంచాలకి కొత్త దుప్పట్లు కుట్టాడు, జగిత్యాల అన్న మంచానికి కూడా. నా మంచం కింద ఉన్న చెప్పుల గుట్టని నాకు చెప్పకుండానే మాయం చేశాడు. "పెళ్ళిలో నా చేత్తో అతనికి ముద్ద పెట్టలేదు బాబూ" అన్నాడొకసారి. "ఇక్కడికొచ్చిన రోజే వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాడు. ఆవిడ ముందు అడిగేది, మామగారింట్లో ఏం పెట్టారు అని. తర్వాత అడిగేది, ఎలా ఉంది అని. నా కూతురు ఆ ఇంట్లోనే ఉంది, వింటూ ఉంటుంది." ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పగలరు. గోదావరి జిల్లా వాడికి అల్లుడి మర్యాద గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, అందుకే ఆ మాటకి నా గుండె కూడా కరిగింది. (నా గుండె కరిగినప్పుడల్లా పక్కవాడికి ఏదో ఒకటి జరుగుతుందని అప్పటికింకా ఎవరూ గమనించలేదు.)

చేప దాదా భార్య పంపింది. పద్మ ఒడ్డుకి పొద్దున్నే వెళ్ళి, పడవ దగ్గరే నిలబడి, గుడ్లున్న ఇలిష్‌ని ఏరి, ఐసులో పెట్టి థర్మోకోల్ డబ్బాలో సీలు వేసి, సెలవయిపోయి తిరిగొస్తున్న వాళ్ళ ఊరాయన చేతికిచ్చింది. ఆయన ఎయిర్‌పోర్ట్ నుంచి సరాసరి మా గదికొచ్చి, సొంత సామాన్లు కిందే వదిలి, ఆ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కాడు. దాదా డబ్బా తెరిచి, ఐసు తీసి, చేపని ఒక్కసారి వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. నేనూ ముందుకెళ్ళి వాసన చూశాను. చేప వాసన వచ్చింది.

శుక్రవారం పొద్దున దాదా స్నానం చేసి, చేపకి పొలుసు తీసి, పంపు కింద నిండు చేపని శుభ్రంగా కడిగి, తుడిచి, అప్పుడు కోశాడు. ముక్కల్ని వెడల్పాటి గిన్నెలో పేర్చాడు. పొట్ట ముక్కలు ఒకవైపు, గుడ్లు ఒకవైపు. ఆవాలు నానబెట్టాడు. (ఆవ పెట్టడం మనకీ వచ్చు, పనసపొట్టుకీ అరటికాయకీ పెడతాం. చేపకి ఆవ పెట్టడమేమిటో, ఆ మనుషుల ధైర్యమేమిటో.) సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ముదీర్. ఎవరో పెళ్ళికొడుకు తోబ్ చేతులు పొట్టిగా వచ్చాయట, పెళ్ళి ఆ సాయంత్రమేనట, యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. దాదా నిలబడ్డ చోటే రెండు క్షణాలు కళ్ళు మూసుకుని, చొక్కా వేసుకున్నాడు. "గంటన్నరలో వచ్చేస్తాను. గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. ఇంకేం చేయకు. ముట్టుకోకు" అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

నేను గిన్నె మూత పెట్టబోయి లోపలికి చూశాను. ముక్కలన్నిటికీ నెత్తురు అలాగే ఉంది. జిగురు అలాగే ఉంది. ఒక్కసారి గతుక్కుమన్నాను. పాపం పెద్దాయన, అల్లుడొస్తున్నాడన్న ఆత్రంలో, ముదీర్ కంగారులో, కోసిన ముక్కలు కడగడం మర్చిపోయాడు. మా ఇంట్లో చేప ముక్కల్ని మూడు నీళ్ళు కడగనిదే పొయ్యి దగ్గరికి రానివ్వరు. మొదటి నీళ్ళు నెత్తురుకి, రెండోవి జిగురుకి, మూడోవి నీచు వాసనకి. కల్లుప్పు వేసి రుద్దాలి, పసుపు పట్టించాలి, నిమ్మకాయ పిండాలి. మా నాయనమ్మ అయితే ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది చేపా, వంకాయా అని అనుమానం వచ్చేదాకా వదిలేది కాదు. కొత్త అల్లుడికి నీచు కంపు కొట్టే చేప పెట్టి, ఆ సంగతి వియ్యపురాలిదాకా వెళ్తే దాదా పరువేం కావాలి. ముట్టుకోవద్దన్నాడు నిజమే. ఆ మాట అన్నది ముక్కలు కడిగేశాననుకున్న మనిషి కదా.

సింకు దగ్గర గిన్నె దించి, చేతులు పైకి మడిచి మొదలుపెట్టాను. జగిత్యాల అన్న పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏం చేస్తున్నవ్ తమ్మీ? గాయన ముట్టొద్దన్నడు గద" అన్నాడు. "వండడానికి ముట్టుకోవద్దన్నాడన్నా. కడగడానికి కాదు" అన్నాను. ఆయన కాసేపు నన్నూ గిన్నెనూ మార్చిమార్చి చూసి, "సరే తియ్. నేనైతే నిద్రల ఉన్న. ఏం జూడలే" అని వెళ్ళి పడుకున్నాడు. లోకజ్ఞానమున్న మనిషి. నేను మాత్రం నా పని ఆపలేదు. మొదటి నీళ్ళకే సింకులో సన్నగా నూనె తేలింది. ఎంత జిడ్డు పట్టి ఉందో పాపం అనుకుని, రెండో దఫా ఉప్పు ఇంకో గుప్పెడు వేశాను. గుడ్ల సంచీ ఒకటి చేతిలోనే చితికి, సగం జాలీలోంచి జారిపోయింది. మిగతా సగాన్ని కాపాడాను. మూడో నీళ్ళకి రెండు నిమ్మకాయలు పిండాక ముక్కలు మల్లెపూవుల్లా తెల్లబడ్డాయి. ఒకటి తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. మా నాయనమ్మ బతికుంటే నన్ను దగ్గరికి తీసుకునేది.

దాదా రాగానే శుభవార్త చెబుదామని నేను గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నాను. "దాదా, కంగారులో మీరొక పని మర్చిపోయారు. నేను చూసుకున్నాను" అన్నాను. ఆయన నవ్వుతూనే ఫ్రిజ్ తెరిచి మూత తీశాడు. ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ గిన్నెలో పెట్టాడు. ఫ్రిజ్ తలుపు మూయడం కూడా మర్చిపోయి, వెళ్ళి తన మంచం మీద కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు కడిగావు?"

"మూడుసార్లు దాదా. ఉప్పు వేసి."

"నిమ్మకాయ కూడానా?"

"రెండు" అన్నాను. ఒక్కటే అని చెబితే బాగుండేదని అప్పుడే అనిపించింది.

దాదా అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆయన అరవలేదు. నెమ్మదిగా, దూది మీద నడిచినట్టు చెప్పాడు. ఇలిష్‌ని నిండుగా ఉన్నప్పుడే కడుగుతారు. కత్తి పడ్డాక నీళ్ళు తగలకూడదు. దాని రుచి, వాసన మొత్తం ఆ నెత్తురులో, ఆ నూనెలోనే ఉంటుంది. వాళ్ళ ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. నేను జిడ్డనుకుని సింకులోకి పంపింది ఆయన భార్య తెల్లారుజామున పడవ దగ్గర నిలబడి ఏరి పంపిన ఇలిష్. ఇప్పుడు గిన్నెలో ఉన్నది దాని ఆకారం. సిగ్గేసింది, భయమేసింది, అన్నిటికంటే ముందు ఏడుపొచ్చింది. అయినా నా నోరు నా మాట వినదు కదా. "పోనీ చింతపండు, బెండకాయలు వేసి పులుసు పెట్టేస్తాను దాదా. పులుసులో ఏ తప్పూ కనబడదు" అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. "చంపిన చేపని మళ్ళీ చంపుతావా?" అన్నాడు. అన్నాక ఎందుకో ఆయనకే చిన్న నవ్వొచ్చింది. లేచి, "ఆవాలు నూరు. ఉప్పు నేనే వేస్తాను" అన్నాడు.

అల్లుడు ఒంటిగంటకి వచ్చాడు. సన్నటి కుర్రాడు, నా వయసే ఉంటుంది. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. గుమ్మంలోనే వంగి దాదా కాళ్ళకి నమస్కారం చేశాడు. దాదా అతని భుజాలు పట్టుకుని లేపి, వదలకుండా అలాగే చూశాడు. తర్వాత టైలరు అలవాటు కాబోలు, భుజం కొలత మీద రెండు వేళ్ళు ఆనించి, "కుర్తా ఇక్కడ అరంగుళం బిగువయ్యుంటుంది" అన్నాడు. "లేదు బాబా, సరిగ్గా సరిపోయింది" అన్నాడు అల్లుడు. ఒక గదిలో ఏడాది ఉంటే ఆ మాత్రం బెంగాలీ అర్థమవుతుంది. నాకు బెంగాలీ బాగానే వచ్చని అప్పటికే నా గట్టి నమ్మకం, ఆ మాట అల్లుడికీ చెప్పాను.

నేల మీద పేపర్లు పరిచి నలుగురం కూర్చున్నాం. అన్నం, పప్పు, వంకాయ వేపుడు, మధ్యలో ఆవ పెట్టిన ఇలిష్. పసుపు రంగులో నూనె తేలుతూ చూడటానికి మహారాజులా ఉంది. దాదా స్వయంగా పొట్ట ముక్క తీసి అల్లుడి కంచంలో వేశాడు. అతను ముల్లు తీసి, అన్నంలో కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే. నేను కంచంలోకి తల దించుకున్నాను. ఇప్పుడు చెప్పెయ్, ఈ ఘనకార్యం నాదని చెప్పెయ్ అని లోపల ఎవరో పోరుతున్నారు. ఏడాదిగా ఒక్క క్షణం మూతపడని నోరు, ఆ రోజు తెరుచుకోలేదు.

ఈలోగా దాదా మాట్లాడాడు. "కోశాక కడిగేశాను నాయనా" అన్నాడు అల్లుడితో, చేతులతో కడుగుతున్నట్టు చూపిస్తూ. "ఇక్కడ గదుల్లో మగాళ్ళ వంట. దొరికిన చేపల్నల్లా కడిగి కడిగి చెయ్యి అలవాటు పడిపోయింది. ఇన్నేళ్ళలో ఇంటి పద్ధతి మర్చిపోయాను. ఏమనుకోకు." ఆ మాట చెబుతూ నా వైపు చూడలేదు. పద్మ ఒడ్డున పుట్టిన మనిషి, కొత్త అల్లుడి ముందు, ఇలిష్ వండటం మర్చిపోయానని చెప్పుకున్నాడు. మావైపు మామగారు ఎవరైనా పరువు కోసం పొలం వదులుకుంటాడు గానీ అంత మాట అనడు. అల్లుడు తల అడ్డంగా ఊపి, "చాలా బాగుంది బాబా" అని ఇంకో ముక్క తీసుకున్నాడు. తర్వాత ఇంకోటి. నేను తోక ముక్కలో ముల్లు వెతుకుతూ, నాలుగోసారి అన్నం పెట్టుకుంటూ, అసలు ఆ గదిలో లేనట్టు కూర్చున్నాను. "ముండ్లు మస్తున్నయ్ గని చేప మంచిగనే ఉన్నది. వాసన గిట్ల ఏం లేదు" అన్నాడు జగిత్యాల అన్న, మెచ్చుకోలుగా.

భోజనాలయ్యాక అల్లుడు మా ముందే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. దాదా కిటికీ దగ్గర నిలబడి, తమలపాకు మడుస్తున్నట్టు నటిస్తూ వింటున్నాడు. బెంగాలీ గబగబా సాగింది. ఇలిష్ అన్న మాట రెండుసార్లు వచ్చింది. దాదా చేతిలో ఆకు ఆగిపోయింది. అటు తిరిగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమంటున్నడు?" అని అన్న నన్ను మోచేత్తో పొడిచాడు. "చేప అద్భుతంగా ఉందని చెబుతున్నాడన్నా" అని నేను తర్జుమా చేసి చెప్పాను. హమ్మయ్య, దాదా పరువు దక్కింది, నా తప్పు బయటపడలేదు, వియ్యపురాలికి కబురు చక్కగా చేరింది అనుకున్నాను.

దాదా ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. శుక్రవారం వాదనల్లో నేనే కాస్త వెనక్కి తగ్గాను. ఆయన "మీ పులస ఎలా ఉంటుందో చెప్పు" అని ఊరిస్తే, "రెండూ ఒకటే దాదా" అనేవాణ్ణి. ఆయనకి అది రుచించేది కాదు, పోట్లాట కావాలనేవాడు. కొన్నేళ్ళకి ఆయన మిషను అమ్మేసి ఊరికి వెళ్ళిపోయాడు. జగిత్యాల అన్న కూడా వెళ్ళిపోయి ఊళ్ళో చేపల చెరువు తీసుకున్నాడు, కొర్రమట్టలే పెంచుతున్నాడట. నేను వ్యాన్ నుంచి సూపర్‌వైజర్‌కి, బ్యాచిలర్ గదినుంచి అల్ తుమామాలో రెండు గదుల ఇంటికీ ఎదిగాను. మా ఆవిడ చేప ముక్కల్ని నాలుగు నీళ్ళు కడుగుతుంది. నేను అడ్డు చెప్పను. జీవితంలో కొన్ని విషయాలు ఆలస్యంగానైనా నేర్చుకున్నాను.

మొన్నామధ్య ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక చాయ్ దుకాణం ముందు ఆ అల్లుడు కనబడ్డాడు. జుట్టు పలచబడింది, ఇద్దరు పిల్లలట, ఇప్పుడు నన్ను దాదా అంటున్నాడు. మా దాదా కులాసాగా ఉన్నాడని, మోకాళ్ళ నొప్పులు తప్ప బాధ లేదని చెప్పాడు. కరక్ చాయ్ సగం తాగాక నా నోరు ఇక ఆగలేదు. ఇన్నేళ్ళ బరువు. "నీతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు చేప కడిగింది మీ మామగారు కాదు. నేను" అన్నాను.

అతను కప్పు దించలేదు. "తెలుసు దాదా" అన్నాడు.

"ఆయన చెప్పారా?"

"చెప్పలేదు. మావాళ్ళు వందేళ్ళు బయట ఉన్నా, కోసిన ఇలిష్ మీద నీళ్ళు పొయ్యరు. మర్చిపోవడానికి అదేమన్నా తాళంచెవా? పైగా ఆ రోజు మీరు కంచంలోంచి తలెత్తలేదు."

"మరి మీ అమ్మకి బాగుందని ఎందుకు చెప్పావు?"

అతను నవ్వాడు. "బాగుందని చెప్పలేదు. ఇలిష్ పాడైపోయిందమ్మా అన్నాను. పక్క మంచం కుర్రాడు పాడుచేశాడు, మామగారు ఆ తప్పు తన మీద వేసుకున్నారు, మనం మంచి ఇంటి పిల్లనే తెచ్చుకున్నాం అన్నాను. ఆయన వింటున్నారని తెలిసే అన్నాను. మీకు అప్పుడు బెంగాలీ వచ్చని చెప్పారు కదా, మీకూ అర్థమైందనుకున్నాను."

నేను మిగిలిన చాయ్ తాగేశాను. చల్లారిపోయింది. కిటికీ దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్న దాదా గుర్తొచ్చాడు. ఆయనకి తెలుసు, అల్లుడికి తెలుసు, నిద్రలో ఉన్న జగిత్యాల అన్నకి అందరికంటే ముందే తెలుసు, దేశం అవతల ఉన్న ఆ తల్లికీ దాదా కూతురికీ ఆ రోజే తెలిసిపోయింది. పదేళ్ళపాటు ప్రాణంలా దాచుకున్న ఆ రహస్యం రహస్యమని నమ్మింది నేనొక్కణ్ణేనన్నమాట. పాపం, అన్నీ తెలిసిన కుర్రాడు.